కుక్క చాక్లెట్ తింటే: ఇంట్లోనే కక్కించడమా, కనిపెట్టుకుని ఉండడమా, ఆసుపత్రికి తీసుకెళ్లడమా?

సోఫా కింద చిరిగిన చాక్లెట్ కాగితం, దాని పక్కనే మూతి నాక్కుంటున్న కుక్క కనబడగానే ఇంట్లో తలో సలహా మొదలవుతుంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించమని ఒకరు, పాలు పోస్తే విరుగుతుందని ఒకరు, పోయినసారి తిన్నా ఏమీ కాలేదని మరొకరు అంటారు. పాల సంగతి ముందే పక్కన పెట్టవచ్చు. చాక్లెట్ విషానికి అవి విరుగుడు కావు. మిగిలిన మార్గాలలో ఏది మేలన్నది కుక్క బరువును, చాక్లెట్ రకాన్ని బట్టి తేలవలసినదే.

హాని చేసేది ప్రధానంగా కోకోలోని థియోబ్రోమిన్. కుక్క శరీరంలో అది సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకు దాదాపు 2 మిల్లీగ్రాములు, డార్క్ చాక్లెట్‌లో 5 లేదా అంతకు మించి, కేకుల్లో వాడే కోకో పొడిలో 20కి పైగా ఉంటుంది. తెల్ల చాక్లెట్‌లో దాదాపు ఉండదు. కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, నిలకడలేనితనం మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పవచ్చు, 60కి చేరితే మూర్ఛలు రావచ్చు. 50 గ్రాముల మిల్క్ చాక్లెట్ తిన్న 25 కిలోల లాబ్రడార్‌కు కిలోకు 4 మిల్లీగ్రాములే పడతాయి. అదే ముక్క 4 కిలోల పొమరేనియన్ తింటే 25 అవుతుంది, డార్క్ చాక్లెట్ అయితే 60 దాటిపోతుంది.

కాబట్టి ఆ లాబ్రడార్ విషయంలో నీళ్లు అందుబాటులో ఉంచి కనిపెట్టుకుని ఉండడం సరిపోతుంది. పొమరేనియన్ విషయంలో అది పొరపాటే, ఎందుకంటే లక్షణాలు సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత గాని బయటపడవు, కక్కించడం బాగా పనిచేసేది మాత్రం మొదటి రెండు గంటలలోనే. చాక్లెట్‌లో ఎండుద్రాక్ష ఉన్నా, చక్కెరకు బదులు జైలిటాల్ కలిపినా ఈ లెక్కలు పక్కన పెట్టి వెంటనే బయలుదేరాలి.

ఇంట్లో కక్కించడం పైకి కనిపించినంత సులువు కాదు. ఉప్పునీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పెరిగి, చాక్లెట్ కన్నా ఉప్పే ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఉంది. కక్కించడానికి తాగించే హైడ్రోజన్ పెరాక్సైడ్ విషయానికి వస్తే, పశువైద్యులు చెప్పేది 3 శాతం ద్రావణం, మన మందుల దుకాణాలలో తరచుగా దొరికేది 6 శాతానిది. సీసా మీది అంకె చూడకుండా పోస్తే కడుపు లోపలి పొర పుండవుతుంది. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు, వణుకుతున్న, స్పృహ తగ్గిన కుక్కలకు ఇంట్లో కక్కించనే కూడదు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దగ్గరలో ఏ ఆసుపత్రీ తెరిచి లేని అర్ధరాత్రి, పశువైద్యుడు ఫోనులో మోతాదు చెబుతుంటే తప్ప ఈ దారి పట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆసుపత్రిలో ఇంజక్షన్‌తో కక్కించి, అవసరాన్ని బట్టి కడుపులోని విషాన్ని పట్టుకునే యాక్టివేటెడ్ చార్‌కోల్ తాగిస్తారు (పొయ్యిలోని బొగ్గు దీనికి పనికిరాదు), సెలైన్ ఎక్కిస్తారు, గుండెను గమనిస్తారు. థియోబ్రోమిన్ మూత్రాశయం నుంచి మళ్లీ రక్తంలోకి చేరుతుంది గనుక కుక్కను తరచూ మూత్రానికి తిప్పుతారు. ఖర్చు, ప్రయాణం ఉన్నా చిన్న కుక్కకూ, డార్క్ చాక్లెట్‌కూ, కోకో పొడికీ ఇదే మేలు. బయలుదేరేటప్పుడు ఆ కాగితాన్ని, మిగిలిన ముక్కను వెంట తీసుకెళ్లండి; ఎంత తిన్నదో, ఎన్ని గంటలకు తిన్నదో అన్నవే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలు.