ఆన్‌లైన్ వంశవృక్షమా, సొంత వెబ్‌సైటా, అచ్చు పుస్తకమా?

వంశచరిత్ర పట్టించుకునేవారు చాలా కుటుంబాల్లో ఒక్కరే ఉంటారు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి పేర్లు రాసుకునేదీ, పాత దస్తావేజుల్లో ముత్తాత ఊరు వెదికేదీ, గయలో యాత్రికుల వంశాల వివరాలు రాసి ఉంచే పురోహితులైన పండాల దగ్గరికి వెళ్లి చిట్టాలు తీయించేదీ ఆ ఒక్కరే. ఇప్పుడు ఆ కష్టమంతా ఇంటర్నెట్‌లో చేరుతోంది. అందుకే ఇక్కడ ఏది వాడటానికి సులువో నేను చూడటం లేదు. ఆ ఒక్కరు పోయిన ముప్పై ఏళ్లకు ఒక మనవరాలు వెదికితే ఏది దొరుకుతుందన్నదే నా కొలత.

మొదట చందా కట్టే సైట్లు. యాన్సెస్ట్రీ, మైహెరిటేజ్ లాంటివి చూడటానికి బాగుంటాయి, పని వేగంగా సాగుతుంది. అయితే వాటి బలమంతా అమెరికా, ఐరోపా రికార్డుల్లో ఉంది. గుంటూరు జిల్లా కరణాల కుటుంబానికో, కరీంనగర్ నేత కుటుంబానికో అక్కడ దొరికేది తక్కువ. యాన్సెస్ట్రీలో చందా ఆగితే మన వంశవృక్షం మిగులుతుంది కానీ, దానికి జతచేసుకున్న చందా రికార్డులు తెరుచుకోవు. వ్యాపార సంస్థ లెక్కలు మారితే మనం చేయగలిగింది కూడా ఏమీ లేదు. ఎవరైనా ఉచితంగా సొంత పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసినప్పుడు ఎన్నో కుటుంబాల పేజీలు దానితోపాటే పోయాయి. కుటుంబాలు ఫొటోలు, కబుర్లు దాచుకున్న మైఫ్యామిలీ సేవను యాన్సెస్ట్రీ 2014లో ఆపేసింది. గడువులోగా ఖాతా తెరిచినవారు తమవి దింపుకున్నారు. ఖాతాదారు అప్పటికే కన్నుమూసిన ఇళ్లలో ఆ పని ఎవరు చేస్తారు?

అందరూ కలిసి ఒకే వంశవృక్షం కట్టే ఉచిత వేదికలు వీటికంటే నయం. ఫ్యామిలీసెర్చ్‌ను నడిపేది అమెరికాలోని మోర్మన్ చర్చి. వాళ్లకు పూర్వీకుల వివరాలు సేకరించడం మతధర్మంలో భాగం. 1938 నుంచి మైక్రోఫిల్ములు తీస్తూ, వాటి మూలప్రతులను సాల్ట్ లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి కట్టిన గిడ్డంగిలో దాచారు. హరిద్వార్ పండాల బహీలను, అంటే వంశాల చిట్టా పుస్తకాలను కూడా ఫిల్ముకెక్కించారు. లాభం కోసం కాక విశ్వాసం కోసం చేసే పని ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం. ఆ చర్చి సభ్యులు చనిపోయిన తమ పూర్వీకుల పేరిట జ్ఞానస్నానం జరిపించే ఆచారం ఉంది. అది మనసుకు నచ్చనివారికి 2008లో మొదలైన వికీట్రీ అనే ఇలాంటి వేదికే ఉంది.

వీటిలో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనం తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఒక తరం విడిచి ఒక తరంలో అదే వెంకటసుబ్బయ్య. మన కుటుంబం గురించి ఏమీ తెలియని ఎవరో వచ్చి, ఇద్దరూ ఒక్కరేనని కలిపేస్తే తాత కొడుకే తాతకు తండ్రి అయి కూర్చుంటాడు. మార్పుల చరిత్ర ఉంటుంది కనుక సరిదిద్దవచ్చు, కానీ సరిదిద్దడానికి తెలిసిన మనిషి బతికి ఉండాలి. మేనరికాలు, దత్తతలు ఉన్నచోట ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. దత్తత వెళ్లినవాడికి ఇంటిపేరూ గోత్రమూ మారతాయి. ఆ సంగతి పేరు పక్కనే రాయకపోతే తర్వాత చూసేవాడు దాన్ని పొరపాటనుకుని తీసేస్తాడు.

సొంత వెబ్‌సైటులో ఆ బాధ లేదు. కథలు, ఫొటోలు, ఊరి పటం, అన్నీ మనకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముందు పోయేది ఇదే. డొమైన్‌కు ఏటా డబ్బు కట్టాలి, కట్టే కార్డు ఆగిన ఏడాదే సైటు పోతుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టినా నిశ్చింత లేదు. వ్యక్తిగత ఖాతాను రెండేళ్లు ఎవరూ వాడకపోతే గూగుల్ తొలగించవచ్చు. ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే అమరికలో వారసుల పేరు ముందే ఇచ్చి ఉంచడం తప్పనిసరి. సైటు ఉన్నవారు పేజీలకు పాస్‌వర్డ్ పెట్టకుండా, వెబ్ పేజీలకు, పుస్తకాలకు నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు భద్రం చేయాలి. పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడినా వేలాది తెలుగు పుస్తకాలు మనకు దక్కాయంటే అక్కడ నకళ్లు ఉండబట్టే. ఆ ఆర్కైవ్ కూడా 2024 అక్టోబరులో సైబర్ దాడికి గురై కొన్నాళ్లు ఆగింది, కనుక అదొక్కటే చాలదు.

ఇక అచ్చు పుస్తకం. నా ఓటు దీనికే. పాస్‌వర్డ్ అక్కర్లేదు, చందా లేదు. డిజిటల్ ప్రింటింగులో యాభై ప్రతులైనా వేయించుకోవచ్చు. యాభై ఇళ్లలో ఉన్నది ఒక్కసారిగా పోదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలను అడిగి, తీసుకుంటామంటే ఒక ప్రతి ఇవ్వండి. దీని లోపం, తప్పు అచ్చయితే అలాగే ఉండిపోతుంది. తెలుగు పుస్తకాలకు ఇంకొకటి: అను ఫాంట్లలో పేజీలు కట్టిన పాత ఫైళ్లు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలుగా కనబడతాయి. అందుకే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోనే టైపు చేయించండి.

ఒక్కటే చేయగలిగితే పుస్తకం. రెండు చేయగలిగితే దానికి తోడు, చనిపోయినవారి వరకు ఫ్యామిలీసెర్చ్‌లోనో వికీట్రీలోనో చేర్చడం. జీవించి ఉన్నవారి పుట్టినతేదీలు, తల్లి పుట్టింటి పేరు బయట పెట్టవద్దు, బ్యాంకు మోసగాళ్లకు కావలసినవి అవే. ఏ సైటు వాడినా ఏడాదికోసారి జెడ్‌కామ్ (GEDCOM) ఫైలు, అంటే వంశవృక్షాన్ని ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకోదానికి తీసుకెళ్లే ఫైలు దింపి, కుటుంబంలో ముగ్గురికి పంచండి. 1984 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతిని దాదాపు ప్రతి వంశవృక్ష సాఫ్ట్‌వేరూ చదువుతుంది. 2021లో వచ్చిన దాని 7.0 రూపంలో యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతి తప్పనిసరి, కాబట్టి తెలుగు అక్షరాలు చెడవు. మేనరికం వల్ల ఒకే మనిషి రెండు వైపుల నుంచి వచ్చినా ఇందులో ఒక్కసారే రాస్తే సరిపోతుంది.

పాత వంశవృక్షాల్లో చాలావాటిలో మగవారి పేర్లే ఉంటాయి. మీరు వేసేదాంట్లో ఆడపడుచులు, కోడళ్లు, వాళ్ల పుట్టిళ్లు కూడా ఉండాలి. ప్రతి పేరు కింద ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో, ఏ సంవత్సరంలో రాసుకున్నారో వేయండి. ఆధారం ఉంటేనే తర్వాతివారు తప్పును తప్పని పట్టుకోగలరు.