ఎయిర్ పిస్టల్ పెల్లెట్లు: చేత్తో కాల్చి చూడాలా, బిగించి చూడాలా?

"సార్, మావాడికి 4.49 తీసుకోవాలా, 4.50 తీసుకోవాలా?" కర్నూల్లో మా షూటింగ్ హాలుకు పిల్లల్ని దింపడానికి వచ్చేవాళ్లు నెలకు నలుగురైనా ఇదే అడుగుతారు. అనంతపురం నుంచి ఫోన్లు వేరే. ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుళ్ల (పెల్లెట్ల) తల వెడల్పు అది, మిల్లీమీటర్లలో. ఏ అంకె తీసుకోవాలో నేను చెప్పలేను. ఒకే మోడల్ పిస్టళ్లయినా ఒక్కో బారెల్‌కు ఒక్కో సైజు నప్పుతుంది. కాల్చి చూసుకోవాల్సిందే. ఎలా చూడాలన్నదే తేల్చుకోవాలి.

చాలామంది చేత్తోనే కాలుస్తారు. పైసా ఖర్చు లేదు. కానీ ఏడాది నేర్చుకున్న పిల్లల చేతిలో పది షాట్లు నాలుగైదు సెంటీమీటర్ల మేర పడతాయి. సైజుల మధ్య తేడా రెండు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. అది చేతి కదలికలో కలిసిపోతుంది. పోయిన వేసవిలో మా అమ్మాయికి నేనే ఇలా చూసి ఐదు డబ్బాలు కొన్నాను. తర్వాత పిస్టల్‌ను బిగించి కాలిస్తే నేను కొనని రెండో సైజే దగ్గరదగ్గరగా పడింది. నేను కొన్న సైజు మొదటిసారి కాల్చిన రోజు తన చెయ్యి బాగా నిలబడింది, అంతే.

ఇసుక సంచి మీద ఆనించి కాల్చడం కొంత నయం. ఇంకేమీ దొరక్కపోతే అదే చేయండి.

నా మాట మాత్రం క్లాంప్‌కే, అంటే పిస్టల్‌ను కదలకుండా పట్టి ఉంచే బిగింపుకే. రబ్బరు ముక్క వేసి ఫ్రేమ్ దగ్గర బిగించాలి, బారెల్‌ను తాకకూడదు. పిస్టల్‌ను కదపకుండానే పెల్లెట్ పెట్టాలి. సైజు మార్చినప్పుడల్లా మొదటి ఐదు షాట్లు లెక్కలోకి తీసుకోకుండా, తర్వాతి పది చూడండి. రంధ్రాల బయటి అంచుల మధ్య అతి పెద్ద దూరం కొలిచి, పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు తీసేస్తే గ్రూప్, అంటే షాట్లు ఎంత మేర చెదిరాయన్నది, వస్తుంది.

ఎంత వస్తే చాలు? పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు గీతను తాకినా పదే. అంటే పెల్లెట్ మధ్యభాగం 16 మిల్లీమీటర్ల వృత్తంలో ఎక్కడ పడినా సరిపోతుంది. గ్రూప్ ఆరేడు మిల్లీమీటర్లుంటే ఇంకా చిన్నదాని కోసం డబ్బు తగలేయక్కర్లేదు. నేను చూసేది దూరంగా పడ్డ ఆ ఒక్క రంధ్రాన్ని. తొమ్మిది ఒకచోట పడి పదోది పక్కకు పోయే డబ్బా నాకొద్దు. మ్యాచ్‌లో అరవై షాట్లు, ఆ ఒక్కటి ఎప్పుడొస్తుందో తెలియని టెన్షన్ పిల్లలకెందుకు?

కాల్చేముందు గుప్పెడు పెల్లెట్లు తెల్లకాగితం మీద పోసి వెనకవైపు పల్చటి అంచు చూడండి. కాస్త నొక్కుకుపోయి కోలగా ఉన్నవి పక్కన పడేయండి. సీసం కాబట్టి తర్వాత చేతులు కడుక్కోండి.

పెల్లెట్లను ఒక్కొక్కటీ తూకం వేయడం పిస్టల్‌కు అనవసరం. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క 0.5 మిల్లీమీటర్లే, అక్కడ సంగతి వేరు.

నచ్చిన డబ్బా దొరికాక దాని మీది లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబర్) రాసుకుని, సీజన్‌కు సరిపడా అదే నంబర్‌వి ఒకేసారి తెచ్చుకోండి. లాట్ మారితే మళ్లీ క్లాంప్ బిగించాల్సిందే.