మూడు వందల మంది చర్చికి ‘కంప్లీట్ ప్యాకేజీ’: కొటేషన్‌లో ఏముంది, ఏం లేదు

కర్నూలు, కడప, అనంతపురం పట్టణాల్లో ఎక్కడ కొత్త చర్చికి స్లాబు పడినా సౌండ్ షాపుల నుంచి కొటేషన్లు వచ్చేస్తాయి. పేరు ‘కంప్లీట్ ప్యాకేజీ’. పదిహేను అంగుళాల పవర్డ్ టాపులు (ఆంప్లిఫయర్ లోపలే ఉండే ప్రధాన స్పీకర్లు) రెండు, పద్దెనిమిది అంగుళాల సబ్‌వూఫర్లు (బేస్ స్పీకర్లు) రెండు, పన్నెండు చానెళ్ల మిక్సరు, కార్డ్‌లెస్ మైకులు రెండు, జిప్సం ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో రంగుల స్ట్రిప్ లైట్లు, వేదిక వెనక పి3 (చుక్కకూ చుక్కకూ మధ్య మూడు మిల్లీమీటర్లు) ఎల్ఈడీ వాల్. షాపును బట్టి బ్రాండు మారుతుంది కానీ జాబితా మారదు. అందుకని ఇక్కడ షాపును కాదు, ప్యాకేజీని చూస్తున్నాం. లెక్కకు 40 అడుగుల వెడల్పు, 70 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తున్న హాలు తీసుకున్నాం.

మార్కులు వేయాల్సి వస్తే స్పీకర్లకు ఐదుకు నాలుగు, సీలింగుకు ఒకటి, వైరింగుకు సున్నా. వైరింగుకు సున్నా ఎందుకంటే కొటేషన్‌లో ఆ పద్దే లేదు.

ముందు సీలింగు సంగతి. మన వైపు చర్చి అంటే కింద కడప బండలో, బేతంచెర్ల రాయో, గ్రానైటో; పైన ఆర్‌సీసీ స్లాబు; నాలుగు వైపులా నున్నటి ప్లాస్టరింగు. అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. మన హాలు ఘనపరిమాణం 44,800 ఘనపుటడుగులు, లోపలి ఉపరితలం మొత్తం 9,120 చదరపు అడుగులు. ఇలాంటి గట్టి ఉపరితలం తన మీద పడిన శబ్దంలో మూడు శాతానికి మించి పీల్చుకోదు. గదిలో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టే సబైన్ సూత్రం ప్రకారం తలుపులన్నీ వేసిన ఖాళీ హాలులో ఒక మాట పూర్తిగా అణగడానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. ప్రసంగం స్పష్టంగా వినపడాలంటే అది ఒకటి, ఒకటిన్నర సెకన్లకు దిగాలి.

ఆదివారం 300 మంది కూర్చుంటే ఆ పని మనుషులే చేసేస్తారు. ఒక్కో మనిషి సుమారు నాలుగున్నర చదరపు అడుగుల తెరిచిన కిటికీతో (దాని మీద పడిన శబ్దం తిరిగి రాదు) సమానంగా శబ్దం పీలుస్తాడు కాబట్టి లెక్క 1.35 సెకన్లకు దిగుతుంది. షాపువాళ్లు డెమో ఇచ్చేది ఎక్కువగా ఆ రోజే. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు 40 మందే వస్తే అదే హాలు 4.8 సెకన్ల దగ్గర నిలుస్తుంది. ‘రీసౌండ్ వస్తోంది, మాట అర్థం కావట్లేదు’ అనే ఫిర్యాదు మొదలయ్యేది అక్కడే. మిక్సరు దగ్గర కూర్చున్న కుర్రాడు వాల్యూమ్ పెంచుతాడు, గోల ఇంకా పెరుగుతుంది. పాపం, వాడి తప్పేం లేదు.

ప్యాకేజీలో ఉన్న జిప్సం సీలింగు దీనికి మందు కాదు. అదీ గట్టి పలకే. అది వేశాక కూడా ఆ శుక్రవారం లెక్క 4.3 సెకన్ల దగ్గరే ఆగుతుంది. ‘సౌండ్ ప్రూఫ్ సీలింగ్’ అని రాసిస్తే అస్సలు నమ్మొద్దు. శబ్దం బయటికి పోకుండా ఆపడం వేరు, లోపల గోల తగ్గించడం వేరు. మీకు కావాల్సింది రెండోది. దానికి రెండడుగుల చదరపు మినరల్ ఫైబర్ టైల్స్ వేయించుకోవాలి. ఈ హాలుకు సుమారు 700 పడతాయి. బ్రోచర్‌లో ఎన్‌ఆర్‌సీ (పడిన శబ్దంలో ఎంత భాగం పీలుస్తుందో చెప్పే) అంకె 0.55కు తగ్గకూడదు. 0.6 ఉన్న టైల్ వేస్తే 40 మందితో కూడా హాలు ఒక సెకను దగ్గరికి వచ్చేస్తుంది. టైల్స్ ఎక్కించే ముందే స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ అయిపోవాలి, లేకపోతే మొదటి వానకే పసుపు మరకలు పడతాయి. తర్వాత ఎప్పుడైనా రంగు వెలిసిందని మామూలు పెయింటు కొట్టించారో, రంధ్రాలు మూసుకుపోయి అది కూడా జిప్సం పలకలాగే పనిచేస్తుంది.

అంత డబ్బు లేదంటే పల్పిట్‌కు (ప్రసంగ బల్లకు) ఎదురుగా ఉన్న వెనక గోడ ఒక్కటీ చేయించండి. 40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నార పలక) పరిచి పైన గుడ్డ బిగిస్తే శుక్రవారం లెక్క 3 సెకన్లకు దిగుతుంది. పూర్తిగా సరిపోదు, తేడా మాత్రం తెలుస్తుంది. కోడిగుడ్ల అట్టలు అంటించే పని పెట్టుకోవద్దు. ప్రయోజనం నామమాత్రం, నిప్పంటుకుంటే ప్రమాదం.

ఇక వైరింగు. బండలు పరచక ముందే వేదిక నుంచి మిక్సరు దాకా నేల కింద రెండు పైపులు వేయాలి: ఒకటి కరెంటుకు, ఒకటి మైకు వైర్లకు. రెంటికీ మధ్య కనీసం ఒక అడుగు దూరం ఉండాలి. మైకు పైపు ఒకటింబావు అంగుళానికి తగ్గకూడదు, తర్వాత వైర్లు లాగడానికి లోపల లాగుడు తీగ వదిలిపెట్టాలి. ఇది మరిచిపోతే తర్వాత బండలు పగలగొట్టాలి, లేదా అందరి కాళ్లకూ అడ్డంగా వైరు పరిచి పైన టేపు అంటించాలి. పవర్డ్ టాపులు కాకుండా విడి ఆంప్లిఫయర్ పెడితే 70 అడుగుల దూరానికి స్పీకరు వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది ఉండాలి. షాపులో చుట్టలు చుట్టి ఇచ్చే 0.75 వైరు ఒక ఓమ్ (విద్యుత్ నిరోధం కొలత) దాకా తినేస్తుంది. ఎనిమిది ఓమ్‌ల స్పీకరు మీద అది చిన్న నష్టం కాదు.

స్పీకర్లలో ‘బుయ్’మనే శబ్దానికి మూలం ఎక్కువగా ఎర్తింగులోనే ఉంటుంది. మిక్సరు ఒక ఫేజు మీద, ఆంప్లిఫయర్లు ఇంకో ఫేజు మీద, వాటికి వేర్వేరు ఎర్తులు ఉంటే ఆ శబ్దం తప్పదు. రాతి నేలలో రాడ్డు దిగేసినంత మాత్రాన ఎర్తు రాదు. గుంత తవ్వి బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నింపించి, మీటరు పెట్టి 5 ఓమ్‌ల లోపు చూపించమనండి. కీబోర్డు నుంచి ఇరవై అడుగులు దాటి మామూలు జాక్ వైరు లాగితే ఆ శబ్దం మళ్లీ తయారు. మధ్యలో ఒక డీఐ బాక్సు (కీబోర్డు సిగ్నల్‌ను మైకు వైరుకు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెడితే పోతుంది. రెండు మూడు వేల రూపాయల ఈ వస్తువు లక్షల ప్యాకేజీలో ఎందుకు కనపడదో షాపువాళ్లే చెప్పాలి.

స్పీకర్లు మంచివే, బిగించే చోటే తేడా వస్తుంది. అందంగా ఉంటుందని వేదిక వెనక గోడకు బిగిస్తారు. పల్పిట్ మైకు వాటి ఎదుట పడుతుంది, హౌలింగ్ (స్పీకరు కీచుమనడం) మొదలవుతుంది. టాపులు పల్పిట్ కన్నా ముందుకు, పదడుగుల ఎత్తున, వెనక వరసల వైపు కొంచెం వంచి ఉండాలి. సగం మంది చాపల మీద కూర్చునే సంఘమైతే చెవి ఎత్తు రెండున్నర అడుగులే ఉంటుంది, ఆ లెక్కన ఇంకాస్త వంచాలి. క్వాయర్‌కు నాలుగు మైకులు తెరిస్తే హౌలింగ్ రాకుండా వాల్యూమ్ పెంచగలిగే వెసులుబాటు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పాట అవగానే ఆ నాలుగూ మూసేయడం అలవాటు చేయండి. వెనక అదనపు స్పీకర్లు పెడితే 50 అడుగులకు సుమారు 44 మిల్లీసెకన్ల డిలే ఇవ్వాలి (వాటి శబ్దం అంత ఆలస్యంగా రావాలి), లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. కార్డ్‌లెస్ మైకులు 694 మెగాహెర్ట్జ్‌కు లోపలివే తీసుకోండి. ఆ పైనున్న 700 మెగాహెర్ట్జ్ బ్యాండు 2022 వేలంలో మొబైల్ కంపెనీకి వెళ్లింది. సబ్‌వూఫరు ఒకటి చాలు.

ఎల్ఈడీ వాల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కిటికీల వెలుతురులో ప్రొజెక్టరు కన్నా మేలే. 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తున్న దాని మీద పాట నాలుగు వరసలకు మించకూడదు. ఆరు వరసలు కుక్కితే గుడులకూ ఒత్తులకూ చోటు పోను అసలు అక్షరం నాలుగైదు అంగుళాలే మిగులుతుంది, చివరి వరస పెద్దవాళ్లు చదవలేరు.

ముందు పైపులు, ఎర్తింగు, సీలింగు, తర్వాతే స్పీకర్లు, వాల్ అనే ఈ క్రమాన్ని సంఘాలు తలకిందులు చేయడానికి కారణం నిధులు వచ్చే తీరులో ఉంది. దాతలు కనపడే వస్తువుకే ఇస్తారు. ఎల్ఈడీ వాల్ కింద ‘ఫలానా వారి జ్ఞాపకార్థం’ అని పలక పెట్టొచ్చు. నేల కింది పైపుకు, ఎర్తు గుంతకు పలక పెట్టించుకునేవాళ్లుండరు. కాబట్టి పైపులు, ఎర్తింగు, సీలింగు బిల్డింగ్ ఫండ్‌లోంచి ముందే కట్టేసి, స్పీకర్లు, మైకులు, వాల్ దాతలకు వదిలేయడం మంచిది. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే అనుమతి (80జీ అని పిలిచేది) ఉన్న సంఘాలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: రెండు వేలు దాటిన నగదు కానుకకు దాతకు మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానే తీసుకోండి. విదేశీ డబ్బుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా తప్పనిసరి.

బయటి హారన్లు ‘ఫ్రీ’ అంటే వద్దనండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు కుదరదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. చెన్నైలోని ఒక చర్చి కేసులో 2000లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగించి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని.

అడ్వాన్సు సగానికి మించి ఇవ్వొద్దు. పది శాతం ఆపి, 40 మంది ఉన్న ఒక శుక్రవారం కూటం అయ్యాకే ఇవ్వండి. బిల్లులో ప్రతి పెట్టె సీరియల్ నంబరు రాయించుకోండి. ముందు మిక్సరు, చివర ఆంప్లిఫయర్లు ఆన్ చేయాలనీ, కరెంటు పోతే ఆంప్లిఫయర్ స్విచ్చులు వెంటనే తీసేయాలనీ ఇద్దరికి నేర్పించి వెళ్లమనండి. కరెంటు తిరిగొచ్చినప్పుడు కొట్టే దెబ్బకే ట్వీటర్లు (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు) పోతుంటాయి, దాన్ని చాలా షాపులు వారంటీలో లెక్కపెట్టవు. డిసెంబరులో మెకానిక్ దొరకడు, క్రిస్మస్‌కు కావాలంటే పని అక్టోబరులోనే పెట్టుకోవాలి.