కడుపుతో ఉండగా షుగరు, సూదుల వైద్యం: విజయనగరంలో నేను వెళ్తున్న క్లినిక్ గురించి

కంటోన్మెంటు వైపు మేడ మీద ఉన్న ఈ ఆక్యుపంక్చర్ క్లినిక్‌కి ఏడో నెల నుంచి వెళ్తున్నాను. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్ళు ఇక్కడికి రావచ్చా అని మా స్కూల్లో టీచర్లూ, మా నెల్లిమర్ల వాళ్ళూ అడుగుతున్నారు. రావచ్చు. కానీ షుగరు తగ్గించుకోవడానికి కాదు, దాంతో పాటు వచ్చిపడే నిద్రలేమి, నడుం నొప్పి, భయం తట్టుకోవడానికి. ఆ మాట వాళ్ళే మొదటిరోజు నాకు చెప్పారు. అందుకే ఇంత రాయాలనిపించింది.

నాకు 26వ వారంలో బయటపడింది. గైనకాలజిస్టు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీయించారు. 140 వస్తే చాలు, షుగరు ఉన్నట్టే లెక్క. నాకు 171 వచ్చింది. మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల తల్లి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదని, అందుకే ఇన్నాళ్ళూ లేని షుగరు ఇప్పుడు కనిపిస్తోందని చెప్పారు. తిండి మార్చి, నడక మొదలుపెట్టాక తిన్న తర్వాత చూసే లెక్కలు చాలావరకు దారికొచ్చాయి. పరగడుపున మాత్రం 95 లోపు ఉండాల్సింది 104, 108 దగ్గరే ఆగిపోయింది. దాంతో రాత్రి పడుకునే ముందు ఇన్సులిన్ పెట్టారు. ఆ పేరు వినగానే ఇంట్లో అందరికీ టెన్షన్. మందు బిడ్డకు చేరుతుందేమోనని మా అత్తయ్య భయం. ఇన్సులిన్ మాయను దాటి బిడ్డలోకి వెళ్ళదని డాక్టరుగారు ఆవిడను కూర్చోబెట్టి చెప్పాకే కుదుటపడ్డారు.

ఈ క్లినిక్ కంటే ముందు, బంధువులు చెప్పారని ఇంకో చోటికి వెళ్ళాం. పేరు రాయను. ఇన్సులిన్ మానేయమన్నారు, చైనా మందు అంటూ పేరూ చీటీ ఏమీ లేని పసుపురంగు పొడి పొట్లాలు చేతిలో పెట్టారు. ఇందులో ఏముందండీ అని అడిగితే, "ఆకులూ వేళ్ళే కదమ్మా, ఏం కాదు" అన్నారు. కడుపుతో ఉన్న మనిషికి చెప్పాల్సిన మాట కాదది. ఆ పొట్లాలు నోట్లో పెట్టుకోకుండా నేరుగా మా గైనకాలజిస్టుకు చూపించాను. చైనా వైద్యంలో షుగరుకు వాడే మూలికల్లో హువాంగ్‌లియన్ అనే చేదు వేరు ఒకటుందని, అందులో బెర్బెరిన్ అనే పదార్థం ఉంటుందని ఆవిడ చెప్పారు. షుగరు తగ్గించే గుణం దానికి నిజంగానే ఉంది. కానీ పుట్టిన బిడ్డకు కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది కాబట్టి గర్భిణులు వాడకూడదు. మన మూలికల కొట్లలో అమ్మే మానుపసుపులో ఉండేది కూడా అదే. ఆ పొట్లంలో ఏముందో నాకు ఈరోజుకీ తెలీదు. తెలియకపోవడమే మానేయడానికి చాలిన కారణం.

ఇక ఈ క్లినిక్ సంగతి. ఇక్కడి డాక్టరుగారు బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ చదివారు. మొదటిరోజు సూది ఊసే ఎత్తలేదు. గైనకాలజిస్టు ఒప్పుకున్నారా అని అడిగి, నా ఫైలూ, షుగరు రాసుకునే నోట్‌బుక్కూ తీసుకుని పేజీ పేజీ చదివారు. ఒకచోట వేలు పెట్టి, "పొద్దున టిఫిను తర్వాత కొన్ని రోజులు 120 లోపు ఉంది, కొన్ని రోజులు 150 దాటింది. దాటిన రోజుల్లో ఏం తిన్నారమ్మా?" అన్నారు. చూస్తే అవన్నీ చోడి (రాగి) అంబలి తాగిన రోజులు. షుగరుకు చోళ్ళు మంచివని అత్తయ్య ప్రేమగా కాచి ఇచ్చేవారు, పెద్ద గ్లాసు నిండా. మెత్తగా పిండి పట్టించి, జావలా కాచి, ఒక్కసారిగా తాగితే అది తొందరగా అరిగి షుగరు ఎగదన్నుతుందని మేడం వివరించారు. అవే చోళ్ళు రొట్టె చేసుకుని, తోటకూర పప్పుతోనో గుడ్డుతోనో తినమన్నారు. మర్నాడు రొట్టె తిన్న రెండు గంటలకు చూసుకుంటే 116. నేను కట్టిన డబ్బులకు ఆ ఒక్క మాటే చాలు అనిపించింది. కాకరకాయ రసం తాగొచ్చా అని కూడా అడిగాను. కూర వండుకు తినండి, రసం మాత్రం ఇప్పుడు వద్దన్నారు.

సూదులు పెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోనివ్వరు. ఈ నెలల్లో గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడుతుంది కాబట్టి ఎడమవైపు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెడతారు. సూది ప్యాకెట్టు మన కళ్ళముందే చింపుతారు, వాడాక డబ్బాలో పడేస్తారు. పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పైన వేలితో ఒక్క తట్టు తడతారు. చీమ కుట్టినంత కూడా ఉండదు. తర్వాత మోకాలి కింద పెట్టినచోట మాత్రం లోపలెక్కడో బరువుగా, లాగినట్టు అనిపిస్తుంది. అలా అనిపిస్తోందా అని మేడం అడిగి మరీ తెలుసుకుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన, చీలమండ లోపలివైపు నాలుగు వేళ్ళ పైన, భుజం మీద, నడుం దిగువన కాన్పుకు ముందు ముట్టనని ముందే చెప్పారు. ఆ చోట్లు కాన్పు నొప్పులు తెప్పిస్తాయని ఈ వైద్యంలో పాతకాలం నుంచీ గర్భిణులకు వదిలేస్తారు. మీరు ఎక్కడికి వెళ్ళినా ఇది అడగండి. తడబడితే లేచి వచ్చేయండి.

గోడ మీద ద్వారకానాథ్ కోట్నిస్ ఫోటో ఉంది. 1938లో మన దేశం నుంచి చైనాకు వెళ్ళిన డాక్టర్ల బృందంలో ఆయనొకరు. అదే బృందంలోని బి.కె. బసుగారు తర్వాత అక్కడ ఈ విద్య నేర్చుకుని మన దేశానికి తెచ్చారు. సూదులతో పడుకున్న ఇరవై నిమిషాలూ ఆ ఫోటో చూస్తూ ఉండటం నాకు అలవాటైంది.

ఫలితం మాటకొస్తే, నిద్ర వచ్చింది. సూదులు పెట్టించుకున్న రాత్రి మధ్యలో లేచినా మళ్ళీ పడుకోగలుగుతున్నాను. నడుం నొప్పి సగానికి సగం తగ్గి, సాయంత్రం అన్నం తిన్నాక నడవగలుగుతున్నాను. ఆ నడక వల్ల రాత్రి లెక్కలు బాగున్నాయి. నిద్ర లేకపోయినా, దిగులు పెట్టుకున్నా షుగరు పెరుగుతుంది కాబట్టి ఆ రకంగా సాయం అందిందనే నా నమ్మకం. సూదులకు ముందూ వెనకా మీటరుతో చూసుకున్నాను. 118 ఉన్నది 112 అయింది, ఇంకోసారి 109 కాస్తా 113. మీటరులోనే 15 శాతం దాకా అటూ ఇటూ రావచ్చు, కాబట్టి వీటిని ఫలితం అనలేను. 32వ వారంలో ఇన్సులిన్ మోతాదు పెంచారు కూడా. నెలలు నిండుతున్నకొద్దీ అలా పెరగడం మామూలేనట. ఆక్యుపంక్చర్ ఒక్కదానితో గర్భిణి షుగరు అదుపులో ఉంటుందని చెప్పడానికి గట్టి ఆధారాలు లేవని మేడమే అంటారు. ఎవరైనా అలా మాట ఇస్తే నమ్మకండి.

ఇబ్బందులున్నాయి. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, ఏడో నెల దాటితే పక్కన మనిషి కావాలి. ఇచ్చిన టైముకు లోపలికి పిలవరు. షుగరు ఉన్న గర్భిణిని గంటసేపు కూర్చోబెట్టడం సరికాదు, ఇది వాళ్ళకూ చెప్పాను. సిట్టింగుకు 400 రూపాయలు, అదనంగా ఏ మందూ కొనిపించరు. సిరిమాను పండగ రోజుల్లో మూడు లాంతర్ల కూడలి వైపు నుంచి ఆటో దొరకదు, ఆ వారం మానేయడమే మేలు.

వెళ్ళేవాళ్ళు ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కళ్ళు తిరుగుతాయి. మీటరు, నోట్‌బుక్కు, గుప్పెడు వేయించిన శనగలు, షుగరు పడిపోతే వేసుకోవడానికి కాస్త గ్లూకోజ్ పొడి సంచిలో పెట్టుకోండి. చేతులు పైకి మడవగలిగే వదులు జాకెట్టో, నైటీ లాంటి డ్రెస్సో వేసుకోండి. నేను కాన్పు అయ్యేదాకా వెళ్తాను. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ 75 గ్రాముల పరీక్ష చేయించుకోవాలి, ఆ తేదీ మా ఆయన ఫోనులో ఇప్పుడే పెట్టేశారు.