నాన్న రికార్డుల పెట్టె: కొన్నేళ్లు విన్నాక

తెనాలి ఇంట్లో నాన్న వదిలి వెళ్లిన రికార్డులు నూట నలభై దాకా ఉన్నాయి. ఆయన చనిపోయిన ఏడాది అటక మీద నుంచి దించాను. అప్పటి నుంచి వింటూనే ఉన్నాను. వీటిలో సగానికి పైగా పాటలు ఫోన్‌లో ఇంతకంటే శుభ్రంగా వినిపిస్తాయి. ఒక్క పాట కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. కానీ ఈ ప్లేట్ల మీద నాన్న ఏం విన్నారో, ఎన్ని సార్లు విన్నారో ఆ గుర్తులు ఉన్నాయి. ఏ పద్యం మళ్లీ మళ్లీ పెట్టుకున్నారో, ఏ పాట ఒకసారి విని అట్టలో పెట్టేశారో గాడుల్లో కనిపిస్తుంది. అది ఏ యాప్‌లోనూ దొరకదు. నా వరకు ఈ పెట్టె విలువ అదే.

ముందు దీన్ని వినడానికి ఏం కావాలో చెప్తాను, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఇక్కడే ఆగిపోతున్నాయి. నాన్న వాడింది సూట్‌కేస్ లాంటి పాత ప్లేయర్, మూతలోనే స్పీకరు. దాని మోటారు తిరుగుతుంది కానీ వేగం నిలకడగా లేదు, ఆర్మ్ బరువు కూడా చాలా ఎక్కువ. అలాంటి బరువు మోపితే గాడి ప్రతిసారీ కొంత అరుగుతుంది. దాన్ని జ్ఞాపకంగా అలమరలో పెట్టి, కొత్త టర్న్‌టేబుల్ కొన్నాను. నేను చూసుకున్నది ఒక్కటే: నిమిషానికి 33, 45 చుట్లతో పాటు 78 చుట్ల వేగం కూడా ఉండాలి. మార్కెట్లో దొరికే వాటిలో చాలావాటికి 78 ఉండదు. మన తాతల నాటి ప్లేట్లున్న ఇంట్లో అది లేకపోతే సగం పెట్టె మూగబోతుంది.

వేగం ఉంటే చాలదు, ముల్లు కూడా మారాలి. 33 వేగంతో తిరిగే ఎల్పీ గాడి సన్నం, 78 వేగంతో తిరిగే పాత ప్లేటు గాడి వెడల్పు. ఎల్పీకి వాడే ముల్లు మొన వ్యాసార్ధం ఇంచీలో వెయ్యో వంతు కంటే తక్కువ, 78కి దాదాపు మూడు వెయ్యో వంతులు కావాలి. సన్న ముల్లుని 78 మీద పెడితే అది గాడి అడుగున పోయి దుమ్మునే వినిపిస్తుంది. లావు ముల్లు పెట్టిన మొదటి రోజు, గరగర వెనక నుంచి హార్మోనియం శ్రుతి స్పష్టంగా పైకి వచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఈ ముల్లు కొనడానికి డబ్బు దండగ అనుకోవద్దు. ప్లేయర్ మీద కాస్త తగ్గించుకుని అయినా ఇది కొనండి.

నా ప్లేయర్‌లో నాకు నచ్చనిది లోపల ఉండే ప్రీఆంప్, అంటే ముల్లు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే భాగం. ఎల్పీలకి ఫర్వాలేదు, కానీ పాత 78లకి హెచ్చు స్వరాలు గీసినట్టు వినిపిస్తాయి. లాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకుని, రెండు ఛానెళ్లనూ కలిపి మోనో చేసి, ట్రెబుల్ కొంత తగ్గిస్తే చెవికి హాయిగా ఉంటుంది. 78లో ధ్వని గాడి అటూ ఇటూ కదలడంలోనే ఉంటుంది, పైకీ కిందకీ కదిలేదంతా రొద. రెండు ఛానెళ్లూ కలిపితే ఆ రొదలో కొంత దానంతట అదే రద్దవుతుంది. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

శుభ్రం చేయడం గురించి ఒక హెచ్చరిక. కృష్ణా డెల్టా తేమకి ఎల్పీల మీద తెల్లగా బూజు పట్టి ఉంది. ఇంటర్నెట్‌లో చాలామంది స్పిరిట్ కలిపిన ద్రావణాలు చెప్తారు. 78 ప్లేట్ల మీద అది ఒక్క చుక్క కూడా పడకూడదు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ లక్కని కరిగించేస్తుంది. నేను రెంటికీ బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, అందులో ఒక చుక్క లిక్విడ్ సోప్, మెత్తటి గుడ్డ వాడాను. మధ్యలో లేబుల్ తడవకుండా గాడుల వెంట గుండ్రంగా తుడిచి, నీడలో ఆరబెట్టాను. అటక వేడికి వంగిపోయిన ఎల్పీలు కొన్ని ఉన్నాయి, అవి పోయినట్టే. మిగతావన్నీ ఇప్పుడు పుస్తకాల్లా నిలబెట్టి ఉంచాను. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అడుగున ఉన్నవి దెబ్బతింటాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పెట్టెలో అన్నిటికంటే గొప్పవి నాటక పద్యాలు. ఇందులో పాతవి నాన్న కొన్నవి కాదు, తాతయ్యవి. పాడినవాళ్లు రంగస్థల నటులు కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకంలోని పద్యాలైతే వేరు వేరు గొంతుల్లో ఉన్నాయి. తెనాలి చుట్టుపక్కల ఇళ్లలో ఇవి ఉండటంలో ఆశ్చర్యం లేదు. అక్కడ పొలం పనికి వెళ్లేవాళ్లకీ ఆ పద్యాలు నోటికి వచ్చేవి. నాటకం తెల్లవారేదాకా సాగేది, బాగా పాడితే జనం వన్స్ మోర్ అని అరిచి మళ్లీ పాడించుకునేవారు.

పది అంగుళాల 78 ప్లేటుకి ఒక్కో వైపు మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. పద్యం పాడటంలో ప్రాణమంతా చివర తీసే రాగంలో ఉంటుంది. రంగస్థలం మీద నటుడు ఆ రాగాన్ని ఊపిరి ఉన్నంత సేపు సాగదీయవచ్చు, హార్మోనియం వెనకే నడుస్తుంది. ప్లేటులో ఆ వీలు లేదు. నాన్న అనేవారు, “ఇది స్టేజీ మీద ఇంకా ఎంతో తీసేవాళ్లమ్మా, ప్లేటులో పట్టదు కదా” అని. చిన్నప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. ఇప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే రాగం చివర గాయకుడు హడావిడిగా దించుకోవడం తెలుస్తుంది. కొన్ని ప్లేట్లలో హార్మోనియం వాయిస్తున్న మనిషి ఇంకో స్వరం పట్టబోతుండగానే ఆగిపోతుంది. ఆ తెగిన చోట నాన్న మిగతా రాగాన్ని తానే కూనిరాగంగా పూర్తి చేసేవారు. నాకు ఆ పద్యాలు ఎప్పుడూ అలాగే, ప్లేటు సగం, నాన్న సగం.

లక్క ప్లేటు అరిగితే కంటికి కనిపిస్తుంది. కొత్తది నిగనిగలాడే నలుపు, అరిగినది బూడిద రంగు. కిటికీ దగ్గర వెలుతురులో వాలుగా పట్టుకుని చూస్తే ఒకే వైపు కొంత భాగం నల్లగా, కొంత భాగం బూడిదగా ఉంటుంది. రెండు పద్యాలున్న ఒక ప్లేటులో మొదటిది నల్లగానే ఉంది. రెండో పద్యం దగ్గర నుంచి బూడిద. ఆ రెంటి మధ్యా ఉన్న కాస్త ఖాళీలో టిక్ టిక్ మని చాలా చప్పుళ్లు వస్తాయి. ఎవరో ముల్లుని చేత్తో ఎత్తి సరిగ్గా అక్కడే దించిన దెబ్బలు. ఒకటి కాదు, దగ్గర దగ్గరగా బోలెడు. తాతయ్యా, నాన్నా ఇద్దరూ అయి ఉండొచ్చు. ఆ పద్యం కర్ణుడిది. నాన్న కర్ణుడి గురించి ఎప్పుడు మాట్లాడినా గొంతు మారేది. కృష్ణుడి పద్యాలు అంత అందంగా పాడిన ప్లేట్లు పక్కనే దాదాపు కొత్తగా ఉన్నాయి.

ఇంట్లో మేము మాట్లాడుకోని విషయాలు ఎన్నో. నాన్న తన అన్నగారితో ఆస్తి పంచుకున్న రోజుల గురించి నాకు అమ్మ చెప్పినదే గానీ ఆయన నోటంట ఒక్క మాట వినలేదు. ఆ పద్యం అరిగిన తీరు చూశాక నేను ఏదో కనిపెట్టానని చెప్పను. కానీ ఆయన ఆ టిక్ టిక్ దగ్గర ముల్లు దించుతూ ఒంటరిగా కూర్చున్నారన్నది మాత్రం ఇప్పుడు నాకు తెలుసు.

45 వేగంతో తిరిగే చిన్న సినిమా ప్లేట్ల గురించి ఎక్కువ చెప్పను. ఒక్కో వైపు రెండేసి పాటలు. వాటిలో చాలావాటి లేబుల్ మీద ఒక మైకు సెట్టు వాళ్ల పేరు రబ్బరు ముద్ర వేసి ఉంది. క్యాసెట్లు వచ్చి మైకు సెట్లవాళ్లు ప్లేట్లు వదిలించుకున్నప్పుడు నాన్న ఒక సంచీ నిండా కొన్నారట. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో, సినిమా హాళ్ల బయట అవి ఎంత తిరిగాయో గానీ గాడులు పూర్తిగా పోయాయి. సుశీల గొంతు కూడా చిరిగినట్టు వస్తుంది. వీటి కోసం ముల్లు అరగదీయకండి, ఈ పాటలు ఫోన్‌లోనే వినండి. అట్టల మీది బొమ్మలు మాత్రం చూసి తీరాలి.

వంగినవి పోగా మిగిలిన ఎల్పీలు మంచి స్థితిలో ఉన్నాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963 నాటి సుప్రభాతం ఉంది, అన్నమయ్య కీర్తనలున్న బాలాజీ పంచరత్నమాల ఎల్పీలు అయిదూ ఉన్నాయి, చిట్టిబాబు వీణ ఉంది, బాలమురళి ఉన్నారు. పంచరత్నమాలలో మూడోది తప్ప మిగతావి చాలా తక్కువ సార్లు పెట్టినట్టున్నారు. వీణ ఎల్పీ నా సలహాలో మొదటిది. మంచి ముల్లుతో వింటే తీగ మీట్లు విడివిడిగా, గదిలో ఎవరో వాయిస్తున్నంత దగ్గరగా వస్తాయి. నేను ఫోన్‌లో విన్న ప్రతిలో ఆ దగ్గరితనం లేదు.

ప్రతి ఎల్పీ అట్ట వెనక నాన్న సిరాతో ఊరు పేరు, తేదీ రాసుకున్నారు. ఆయన నీటిపారుదల శాఖలో గుమస్తా, బదిలీలు ఎక్కువ. రేపల్లె, బాపట్ల, పొన్నూరు, మళ్లీ తెనాలి. అట్టలు వరసలో పెడితే ఆయన ఉద్యోగమంతా అలా కనిపిస్తుంది. నేను పుట్టిన నెలలో రెండు ఎల్పీలు కొన్నారు. ఆ జీతంతో అంత ఖర్చు ఎలా పెట్టారో నాకు అర్థం కాదు. అమ్మని అడిగితే, “నీ బారసాలకి దాచిన డబ్బే” అంది.

ఘంటసాల భగవద్గీత ఎల్పీ గురించి విడిగా చెప్పాలి. ఘంటసాల 1974లో పోయారు. శ్లోకం పాడి, దాని తాత్పర్యం తెలుగులో చెప్పే ఆ గొంతు ఇవాళ తెలుగు ఊళ్లలో వినిపించిందంటే ఆ వీధిలో ఎవరో పోయారని అర్థం. మా ఇంట్లో అలా ఉండేది కాదు. ఆదివారం పొద్దున్న నాన్న ఇడ్లీలు తింటూ అది పెట్టుకునేవారు. నాకు ఆ శ్లోకాలంటే కొబ్బరి పచ్చడి వాసన. నాన్న పోయిన రోజు వైకుంఠ రథం మీద స్పీకర్లో అదే మోగింది, వీధి చివరి దాకా. ఆ తర్వాత చాలా కాలం ఆ అట్ట ముట్టుకోలేకపోయాను. మిగతా పెట్టె అంతా విన్నాక, ఒక ఆదివారం అమ్మే అడిగింది, “మీ నాన్న గీత పెట్టవే” అని. పెట్టాను. మొదటి రెండు శ్లోకాలు కష్టంగా గడిచాయి. ఆ తర్వాత ఆ ఎల్పీలో నాన్నకి తెలిసిన ఒక గీత వచ్చింది, ముల్లు గెంతే చోటు. అక్కడ ఆయన తినడం ఆపి, లేచి వెళ్లి ఆర్మ్‌ని వేలితో మెల్లగా ముందుకి తోసేవారు. ఈ కొత్త ప్లేయర్ ఆ చోట గెంతలేదు, సాఫీగా దాటింది. అమ్మ వెంటనే, “అయ్యో, అక్కడ ఆగాలి కదా” అంది. ఈ పెట్టెని డిజిటల్ చేసేవాళ్లు చప్పుళ్లన్నీ తీసేసే ఫిల్టర్లు వాడతారు. నేను మోనో చేసి ట్రెబుల్ తగ్గించడం తప్ప ఇంకేమీ చేయకపోవడానికి కారణం ఇదే.

ఒక సంగతి మాత్రం నేను అసలు ఊహించలేదు. 78ల్లో కొన్నిటి లేబుల్ మీద నాన్న పొడి అక్షరాలు కాకుండా వేరేవి ఉన్నాయి. రావు బాలసరస్వతి, సాలూరి రాజేశ్వరరావు పాడిన లలిత గీతాలు అవి. మైకు సెట్టు వాళ్లవేమో అనుకుని అమ్మకి చూపించాను. అవి అమ్మ పుట్టింటి ఇంటిపేరు అక్షరాలు. అమ్మమ్మ కొనుక్కున్నవి, పెళ్లప్పుడు చీరల మధ్య పెట్టి అమ్మతో పంపిందట. మేమంతా నాన్న రికార్డులు అంటూ వచ్చిన దానిలో అమ్మవి ఒక కట్ట ఉన్నాయని ఇన్నేళ్లుగా ఎవరూ అనలేదు, అమ్మ కూడా. ఎందుకు చెప్పలేదంటే, “మీ నాన్న పద్యాలు అయ్యేసరికి నాకు పొయ్యి మీద పని ఉండేది” అంది. ఆ కట్ట దాదాపు అరగలేదు. లేబుళ్లు మెరుస్తున్నాయి. ఈ పెట్టెలో శబ్దం ఎంత బాగుందని లెక్కేస్తే అవే అన్నిటికన్నా ముందు.

ఇలాంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే పాత సామాన్ల వాళ్లకి తూకానికి ఇచ్చేయకండి, అలాగని పూజగదిలో పటంలా కూడా పెట్టకండి. సరైన ముల్లు కొని ఒక్కొక్కటే తిప్పండి. వినేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉండేలా చూసుకోండి, సగం సంగతులు వాళ్ల నోటి నుంచే వస్తాయి. అమ్మకం ధర కోసమైతే నాటక పద్యాలు, మంచి స్థితిలో ఉన్న శాస్త్రీయ సంగీతం విడిగా తీసి, తెలిసినవాళ్లకి చూపించండి. అరిగిన సినిమా ప్లేట్లకి పెద్దగా రాదు.

నాన్న ఎల్పీలూ, తాతయ్య పద్యాలూ నాతో హైదరాబాదు తెచ్చుకున్నాను. అమ్మ కట్ట మాత్రం తెనాలి దాటదని అమ్మ చెప్పేసింది. దాని కోసం అక్కడికి ఇంకో ప్లేయర్ కొన్నాను, 78 తిరిగేదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మే పెట్టుకుంటుంది, ముల్లు కూడా తనే మారుస్తుంది.