జావా పిండివంటల కోసం యోగ్యకర్త, సోలో: ఎక్కడ తినాలి, ఎక్కడ ఉండాలి

ఇండోనేషియాలో జావా దీవిలోని యోగ్యకర్త వెళ్లినవాళ్లు చాలామంది బోరోబుదూర్, ప్రంబనన్ ఆలయాలు చూసి, మలియొబొరో వీధిలో బాతిక్ చొక్కా కొనుక్కుని వచ్చేస్తారు. అవి చూడాల్సినవే. కానీ పొద్దున్నే లేచి సంతకి వెళ్లకపోతే మాత్రం అసలు జావా తెలియదు. అక్కడి పిండివంటలన్నిటినీ కలిపి జాజన్ పసార్ అంటారు. బియ్యప్పిండి, జిగురు బియ్యం, కొబ్బరి, కొబ్బరి నీరా కాచి చేసిన బెల్లం, చుట్టడానికి అరిటాకు, దాదాపు మన వంటింటి సరుకే. పురుడు, పెళ్లి, చావు ఏదొచ్చినా ఇరుగుపొరుగుని పిలిచి స్లామెతాన్ అనే విందు పెడతారు. ప్రార్థన అయ్యాక కొంచెం అక్కడే తిని మిగతాది ఇంటికి పట్టుకెళ్తారు, ఆ పళ్లెంలో ఈ పిండివంటలు ఉండాల్సిందే.

నా ఓటు ముందుగా కొతగెడెకి. ఊరి ఆగ్నేయ వైపు ఉన్న పాత పేట, 16వ శతాబ్దంలో మాతారామ్ రాజ్యానికి రాజధాని. జావావాళ్లకి ఏడు రోజుల వారంతో పాటు అయిదు రోజుల లెక్క ఇంకోటి ఉంది, అందులో లెగి అనే రోజు వచ్చిందంటే అక్కడి సంత కిక్కిరిసిపోతుంది, కాబట్టి అది చూసుకునే వెళ్లండి. కెంబాంగ్ వారు అనే ఎనిమిది రేకుల కేకు ఈ పేటదే. అచ్చుల్లో పిండి పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు, గుడ్డు ఉంటుంది. ఆ ఎనిమిది రేకులూ భూమి, నీరు, నిప్పు, గాలి, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, ఆకాశం అని, పాలించేవాడికి వాటి గుణాలన్నీ ఉండాలని అక్కడ చెప్పుకుంటారు. ఈ అష్టవ్రతం మూలం జావా రామాయణంలో రాముడు విభీషణుడికి చెప్పిన రాజధర్మం! మనకెంత దగ్గరి సంగతో చూడండి.

తమన్ సారి పక్కనే ఉన్న ఙసెమ్ సంతకి అపెమ్ అనే బియ్యప్పిండి అట్టు కోసం వెళ్లండి, వేడివేడిగా పెనం మీంచి తీసి ఇస్తారు, అంచు కరకర, మధ్యలో మెత్తన. రంజాన్‌కి ముందు నెలలో, పోయిన పెద్దల్ని తలుచుకుని ఇంటింటా చేస్తారు, క్షమాపణ అడగడానికి గుర్తు అది. యోగ్యకర్త సుల్తాన్ పట్టాభిషేక వార్షికోత్సవానికి కోటలో రాణిగారూ, రాజకుమార్తెలే కూర్చుని అపెమ్ వేస్తారు.

పెళ్లిళ్లలో అయితే వాజిక్, జదా. రెండూ జిగురు బియ్యంతోనే, దంపతులు అలా అతుక్కుని ఉండాలని. అరిటాకులో చుట్టి ఉడికించిన జిగురు బియ్యం లుపిస్, అది కోయడం దగ్గర నిలబడి చూడాలి: అరిటాకు విప్పి, చేతిలో దారం పట్టుకుని ఒక్క లాగు లాగితే ముక్క తెగుతుంది (కత్తికైతే అంటుకుపోతుంది), ఆ మీద కొబ్బరి కోరు, దాని మీద చిక్కటి బెల్లం పాకం.

సోలో ఊరికి యోగ్యకర్త నుంచి లోకల్ రైలుంది, టికెట్ 8,000 రుపియా, గంట పైన పడుతుంది, శుభ్రంగా ఉంటుంది. కారు మాట్లాడుకోవడం దండగ. అక్కడి పసార్ గెడె సంత భవనం డచ్ ఆర్కిటెక్ట్ థామస్ కార్‌స్టెన్ కట్టింది, 1930 నాటిది. అక్కడ లెంజొంగన్ అని అడిగితే టివుల్, గతోత్, చెనిల్ (సాగే చిన్న ముక్కలు), క్లెపోన్ (లోపల బెల్లం పెట్టిన ఉండలు) అన్నీ కలిపి అరిటాకులో పెట్టిస్తారు. టివుల్, గతోత్ ఎండబెట్టిన కర్రపెండలంతో చేసేవి, బియ్యం దొరకని కరువు రోజుల్లో జనం కడుపు నింపిన తిండి. ఇప్పుడు అందరూ ఇష్టంగా తింటున్నారు. నొతొసుమన్ సెరాబి (బియ్యప్పిండి, కొబ్బరిపాల అట్టు) పేరు మోగిపోతుంది, బాగానే ఉంటుంది, అయినా నాకు లెంజొంగనే నచ్చింది.

బసకి యోగ్యకర్తలో ప్రవిరొతమన్ వైపు చిన్న గెస్ట్‌హౌస్‌లే మేలు, గల్లీలు ప్రశాంతం, పొద్దున ఇంటావిడే సంత నుంచి తెచ్చి పెట్టింది. మలియొబొరో దగ్గర ఒక పెద్ద హోటల్లోనూ ఉన్నాం. ఏసీ, లిఫ్టు అన్నీ బాగున్నాయి గానీ బఫేలో క్లెపోన్‌లు ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టారు, రాయిలా ఉన్నాయి. క్లెపోన్ అంటే కొరకగానే లోపలి బెల్లం పాకమై చిమ్మాలి! అంత డబ్బు తీసుకుని అలా పెట్టడం నాకు నిజంగా బాధేసింది.

శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు, ఇవి చాలావరకు మాంసం లేనివే. లెంపెర్ అనే జిగురు బియ్యం చుట్టలో మాత్రం కోడి కూరుతారు, "అయామ్?" (కోడి ఉందా?) అని అడిగి తీసుకోండి. ఇంటికి తేవాలంటే కెంబాంగ్ వారు తెచ్చుకోవచ్చు, కొబ్బరి కోరు చల్లినవి ఏవైనా మధ్యాహ్నం లోపు తినేయాల్సిందే. తొమ్మిది దాటితే మంచి బుట్టలు ఖాళీ అయిపోతాయి కాబట్టి ఆరున్నరకల్లా సంతలో ఉండండి.