ద్వారకానగర్‌లో నర్సుల ఇంగ్లీషు తరగతి: సర్వనామాల పాఠం కోసమైనా చేరవచ్చు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో నర్సుల కోసం సాయంత్రం పూట నడిచే ఇంగ్లీషు తరగతి గురించి రాస్తున్నాను. బ్రిటన్‌లో ఉద్యోగానికి వెళ్ళాలనుకునే నర్సులను ఇక్కడ ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవారి ఇంగ్లీషును పరీక్షించే పరీక్షకు, తయారు చేస్తారు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఆ తరువాత నర్సింగ్ అంతా ఇంగ్లీషులోనే సాగింది కాబట్టి మందుల పేర్లు, జబ్బుల పేర్లు నోట్లో నానుతూనే ఉంటాయి. వాటిని కలిపి ఒక వాక్యం చేయమంటేనే కష్టం. నాలాంటివాళ్ళకు ఈ తరగతి పనికొస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. వ్యాకరణం వరకు, అందులోనూ సర్వనామాల వరకు, నిస్సందేహంగా పనికొస్తుంది. మిగతా వాటిలో లోపాలున్నాయి, అవి కూడా చెబుతాను.

సర్వనామాలా, అవి ఆరో తరగతిలోనే చదివాం కదా అని మొదటి రోజు మా బ్యాచ్‌లో అందరూ అన్నారు. మాకు పాఠం చెప్పే మేడం ఇంగ్లండు ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసి వచ్చారు. ఆమె మాతో ఏమీ వాదించలేదు. రాత్రి డ్యూటీ నుంచి పగటి డ్యూటీకి పేషెంటును ఎలా అప్పగిస్తారో మామూలుగా తెలుగులో చెప్పమన్నారు. ఒక సిస్టర్ లేచి, "నిన్న రాత్రి చేరారు, జ్వరం ఉంది, అన్నం తినలేదు, సెలైన్ పెట్టాం" అని చెప్పింది. ఇందులో ఒక్క సర్వనామం కూడా లేదు చూడండి అన్నారు మేడం. చేరింది ఆడో మగో కూడా తెలియదు, ఎందుకంటే గౌరవంగా మాట్లాడితే మన క్రియ ఇద్దరికీ ఒకటే. ఇంగ్లీషులో అలా కుదరదు. ప్రతి వాక్యానికీ కర్త కావాలి, అది హీనో షీనో అక్కడికక్కడే తేల్చాలి. ప్రసూతి వార్డులో పొద్దున్నుంచీ షీ అని రాసిన చేయి, సాయంత్రం పురుషుల వార్డుకు వెళ్ళాక కూడా షీ అనే రాస్తుంది. తెలుగులో ఆ పని క్రియ చివరి అక్షరాలు చూసుకుంటాయి కాబట్టి ఆ పదం మీద ధ్యాస పెట్టే అలవాటు మనకు లేదని ఆమె వివరించారు. ఇంత తేటగా ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు.

నాకు బాగా నచ్చింది బాణాల పాఠం. ఓఈటీలో రాత పరీక్ష అంటే ఒక ఉత్తరం రాయడం. కేసు వివరాలు చదవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40 నిమిషాలు ఇస్తారు. ఉత్తరం సుమారు 180 నుంచి 200 పదాలు ఉండాలి. డిశ్చార్జి అయిన పేషెంటును ఇంటి దగ్గర చూసుకోబోయే నర్సుకో, వేరే వైద్యుడికో రాస్తున్నట్టు ఉంటుంది. మేడం అలాంటి ఉత్తరం ఒకటి బోర్డు మీద రాసి, అందులో ఉన్న ప్రతి హీ, షీ, ఇట్, దే, హిజ్, హర్, దిస్, హూ కింద గీత గీయించారు. తరువాత ఒక్కొక్కరిని పిలిచి, ఆ పదం ఎవరిని సూచిస్తుందో ఆ పేరు దాకా ఎర్ర చాక్‌పీసుతో బాణం గీయమన్నారు. మొదటి నాలుగైదు బాణాలు నేరుగా వెళ్ళిపోయాయి. ఆ తరువాత ఒక వాక్యం దగ్గర అందరం ఆగిపోయాం. ఆపరేషన్‌కు ముందు రక్తం పలచబరిచే మాత్ర ఆపాలని డాక్టరు గారు పేషెంటు కొడుక్కి చెప్పారని దాని సారాంశం. ఇంగ్లీషులో ఆ మాత్ర ఆపవలసినవారికి హీ అని రాసి ఉంది. డాక్టరు హీ, పేషెంటు హీ, కొడుకూ హీనే. బోర్డు దగ్గరున్న సిస్టర్ మూడు బాణాలు గీసి మా వైపు చూసింది. అక్కడ పేషెంటు పేరే మళ్ళీ రాయాలని మేడం చెప్పారు. ఒకే పేరు రెండుసార్లు వస్తే శైలి చెడిపోతుందని బడిలో నేర్పి ఉంటారు, మందుల విషయంలో ఆ భయం వద్దు, బాణం ఒక్కచోటికే వెళ్ళకపోతే సర్వనామం కొట్టేసి పేరు రాయండి అన్నారు. మన భాషలో తండ్రికి ఆయన, కొడుక్కి అతను అంటే సగం తికమక తీరిపోతుంది. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు.

ఈ ఒక్క అభ్యాసం కోసం నేను నెల ఫీజు సంతోషంగా కట్టేదాన్ని. ఇప్పుడు వార్డులో కేస్ షీటు రాసేటప్పుడు కూడా మనసులో బాణాలు గీసుకుంటున్నాను.

మాట్లాడే పరీక్షకు తయారు చేసే తీరు కూడా బాగుంది. అందులో పేషెంటుతోనో వాళ్ళ బంధువుతోనో మాట్లాడుతున్నట్టు రెండు సన్నివేశాలు ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 5 నిమిషాలు. మొదట మనల్ని మనం పరిచయం చేసుకోవాలి. మనలో చాలామందికి మైసెల్ఫ్ అని మొదలుపెట్టి పేరు చెప్పే అలవాటు ఉంది, ఇంటర్వ్యూల్లో అదే మర్యాద అనుకుంటాం. అది ఎందుకు కుదరదో మేడం ఓపికగా వివరించారు. మైసెల్ఫ్ ఒంటరిగా కర్త కాలేదు. పని చేసినవారూ ఆ పని సోకినవారూ ఒకరే అయినప్పుడు వస్తుంది, అంటే నన్ను నేను కోసుకున్నాను అనే చోట. లేదా నేనే స్వయంగా చూశాను అని నొక్కి చెప్పడానికి వస్తుంది. పేరు చెప్పడానికి అక్కరలేదు, మై నేమ్ ఈజ్ అంటే చాలు. ఈ సందర్భంలోనే ఆమె కేట్ గ్రేంజర్ గురించి చెప్పారు. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యురాలు. కేన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చికిత్స చేయడానికి వచ్చేవాళ్ళలో చాలామంది తమ పేరు కూడా చెప్పడం లేదని గమనించి 2013లో 'హలో, మై నేమ్ ఈజ్' అనే ప్రచారం మొదలుపెట్టారు. 2016లో ఆమె కన్నుమూశారు, ప్రచారం మాత్రం ఆసుపత్రుల్లో నిలిచిపోయింది. ఆ కథ విన్నాక మా బ్యాచ్‌లో మైసెల్ఫ్ అన్నవారు లేరు.

యూ విషయంలో మాలో కొందరికి మనసు ఒప్పుకోలేదు. ఎనభై ఏళ్ళ పెద్దావిడను కూడా యూ అనాలా, మీరు అన్నట్టు ఉండదు కదా అని ఒక సిస్టర్ అడిగింది. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు రెండు మాటలుండేవని, దౌ అనేది నువ్వు లాంటిదని, యూ అనేది బహువచనానికీ మర్యాదకూ వాడేవారని, 17వ శతాబ్దంలో దౌ మామూలు వాడుక నుంచి తప్పుకుంటూ యూ ఒక్కటే మిగిలిందని మేడం చెప్పారు. అంటే మీకు మిగిలింది మీరు అనే మాటేనమ్మా అనగానే ఆ సిస్టర్ ముఖం వికసించింది. ఇక గౌరవాన్ని పేరు ముందు మిస్టర్, మిసెస్ పెట్టి, కుడ్, వుడ్ లాంటి మాటలతో చూపించాలి.

దీనికన్నా సున్నితమైనది వుయ్. మందు వేసుకుందామా అమ్మమ్మా, కాస్త లేచి కూర్చుందామా అని మనం ఎంతో ప్రేమగా అంటాం. మనం అనే మాట పేషెంటును మనతో కలుపుకుంటుంది. అదే పద్ధతిలో ఇంగ్లీషులో పెద్దవాళ్ళతో వుయ్ అంటే చిన్నపిల్లల్లా చూస్తున్నారని వాళ్ళు నొచ్చుకుంటారట. వృద్ధులతో ఇలా మాట్లాడే ధోరణికి అక్కడ ఎల్డర్‌స్పీక్ అనే పేరే ఉంది, నర్సులకు దాన్ని మానుకోమని నేర్పుతారు. పైగా మన మేము, మనం రెండింటికీ వాళ్ళకు వుయ్ ఒక్కటే. వార్డు మారుస్తాం అని చెప్పేటప్పుడు ఆ పని చేసేది సిబ్బంది అని విడమరచి చెప్పాలి.

దే గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పారు. ఫోను చేసినది ఎవరో తెలియనప్పుడు, లేదా పేషెంటు తనను హీ, షీ అని కాకుండా దే అనమని కోరినప్పుడు, ఒక్కరికైనా దే వాడాలి. ఇదేదో కొత్త పోకడ అనుకునేవారికి ఒక మాట: ఏకవచనంలో దే 14వ శతాబ్దం నుంచీ రాతల్లో ఉంది. పేషెంటు ఎలా పిలవమంటే అలా పిలవడం మన వృత్తిలో భాగమని నేనూ గట్టిగా నమ్ముతాను.

మిగతా రకాలు త్వరగా అయిపోయాయి. దిస్, దట్, ఈచ్ అదర్ లాంటివాటిలో మనకు పెద్ద ఇబ్బంది లేదు. హూ దగ్గర కొంచెం ఎక్కువ సాధన చేయించారు. నిన్న ఆపరేషన్ అయిన పెద్దాయన అని మనం వివరమంతా ముందు పెట్టి మనిషిని చివర చెబుతాం, ఇంగ్లీషులో మనిషిని చెప్పి హూ తగిలించి వివరం వెనక పెట్టాలి. పేషెంటు కొడుకు గురించి అలా రాసేటప్పుడు హూ ముందు కామా ఉంటే పేషెంటుకు ఒక్కడే కొడుకు, కామా లేకపోతే ఇంకా కొడుకులున్నారని చదివేవారు అనుకోవచ్చు. అలాగే ఎవరూ రాలేదు అనేదాన్ని ఎనీవన్ డిడ్ నాట్ కమ్ అని కాకుండా నోవన్ కేమ్ అనాలి. మన వాక్యంలో కాదనే పని క్రియది, వాళ్ళ వాక్యంలో ఆ పని సర్వనామమే చేసేస్తుంది.

ఇక లోపాలు. శనివారం మేడం రారు, వేరొకరు వచ్చి సర్వనామాల రకాల పట్టిక చెప్పి రాయిస్తారు. పర్సనల్, పొసెసివ్, రిఫ్లెక్సివ్, డిస్ట్రిబ్యూటివ్ అంటూ పేర్లు కంఠస్థం చేయడం వల్ల ఓఈటీలో ఒక్క మార్కు కూడా రాదు. ఆ పరీక్షలో వ్యాకరణ పదాల ప్రశ్నలే ఉండవు. ఇచ్చే ముద్రిత నోట్సులో ఇట్స్ అనే మాటకు అవసరం లేని చోట కామాలాంటి గుర్తు పెట్టారు, హర్స్, దెయిర్స్ దగ్గర కూడా అంతే. తప్పులు నేర్చుకోవడానికి ఫీజు కట్టడం లేదు కదా, వెంటనే సరిచేయాలి. వినే పరీక్షకు ఒకే స్పీకరు, దాని మీద రోడ్డు మీది బస్సుల హోరు. 30 మంది కూర్చునే గదిలో వెనక వరసకు మాట వినపడదు. ఉత్తరాలు దిద్ది ఇవ్వడానికి వారం పైగా పడుతుంది, షిఫ్టుల మధ్య చదువుకునేవాళ్ళకు అది చాలా ఆలస్యం.

బ్రిటన్‌లోని నర్సుల నమోదు సంస్థకు ఓఈటీలో వినడం, చదవడం, మాట్లాడటంలో బి గ్రేడు, రాతలో సి ప్లస్ కావాలి. రాత, మాట మీద మీకు భయం ఉంటే ఇక్కడ చేరండి. వినడంలో వెనకబడినవారు దాని కోసం ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విడిగా సాధన చేసుకోవాలి. చేరేముందు సోమవారం నుంచి శుక్రవారం దాకా మేడమే పాఠం చెప్పే బ్యాచ్ ఏదో అడిగి తెలుసుకోండి. నెలకు 3,000 రూపాయలు, మూడు నెలలది ఒకేసారి కట్టమని అడుగుతారు, నెలనెలా కడతామంటే ఒప్పుకుంటారు. ముందు వరసలో కూర్చోండి, మీరు రాసిన ఉత్తరం ఒకటి మొదటి రోజే తీసుకెళ్ళి బాణాలు గీయించుకోండి.